అగ్గిపిట్ట వెనక వైపు

ముందే చెబుతున్నాను, నా రాతలో ఒత్తులు జారిపోతాయి, దీర్ఘం ఉండాల్సిన చోట పొట్టిగా నిలబడిపోతుంది. అచ్చు వేసేవారే దిద్దుకోవాలి. ఒక పేజీ రాయడానికి నాకు రెండు పూటలు పడుతుంది. అక్షరాలు నలభై ఏడో ఏట నేర్చుకున్నదాన్ని. ఇప్పటికీ కలం పట్టుకుంటే వేళ్లు నొప్పి పుడతాయి. చదివేవాళ్లు నా నడకతోనే నడవాలి. తొందర ఉన్నవాళ్లు ముందుకెళ్లి ఎక్కడైనా కూర్చోండి, వచ్చేస్తాను.

రెండువేల సంవత్సరం ఎండాకాలం సంగతి ఇది. అప్పటికి మా ఆయన పోయి ఎనిమిదేళ్లు. పిల్లలు లేరు. సీతాఫల్‌మండిలో మా తమ్ముడు వరహాలబాబు ఇంట్లో, వెనక వసారాలో, నీళ్ల డ్రమ్ము పక్కన నా మంచం. తమ్ముడు మంచివాడు, మాట తక్కువ మనిషి. మరదలు తిరుమలకి ఆ లోటు తీర్చేంత మాట ఉండేది. మాది యలమంచిలి వైపు. ఆ ఇంట్లో ముగ్గురం మా ఊరి మాటే మాట్లాడుకునేవాళ్లం. తమ్ముడు నన్ను అప్పా అని పిలుస్తాడు. మా వైపు అక్కని అలాగే అంటారు.

తమ్ముడు కార్ఖానా అనే పేటలో, మెయిన్ రోడ్డు వెనక సందులో, బ్రహ్మచారి గారి ప్రెస్సులో పేస్టింగ్ పని చేసేవాడు. పేస్టింగ్ అంటే ఏమిటో చెప్పాలి, లేకపోతే తరవాత సంగతి అందదు. కింద ట్యూబులైట్లు వెలిగే గాజుబల్ల ఒకటి ఉంటుంది. దాని మీద అద్దంలాంటి పల్చటి ప్లాస్టిక్ రేకు పరిచి, అచ్చు వేయాల్సిన ఫిల్ము ముక్కల్ని కొలిచి కొలిచి దాని మీద అతికిస్తారు. ఆ రేకుని బట్టి ప్లేటు, ప్లేటుని బట్టి అచ్చు. ముక్క ఎక్కడ అతికిస్తే అక్షరం అక్కడే పడుతుంది. పదహారేళ్లుగా ఆ బల్ల తమ్ముడిదే. నన్ను ఆ ప్రెస్సులో ప్యాకింగుకి పెట్టించింది కూడా అతనే.

ఆ రోజుల్లో ప్రెస్సుకి తెల్లారితే కంప్యూటర్ కోర్సుల కరపత్రాలే పని. మూడు నెలల్లో ఇది నేర్పుతాం, నెలలో అది నేర్పుతాం అని. అవి కాకపోతే పెళ్లి కార్డులు, విజిటింగ్ కార్డులు. పెద్ద షీటు మీద ఒకే కాగితం ఎనిమిదిసార్లో పన్నెండుసార్లో అచ్చు వేసి కోసేస్తారు. అన్నీ ఒకటే కనక ముందు వైపు ఏ మూలది వెనక వైపు ఏ మూలకి వచ్చినా బాధ లేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఇంకొక మాట కూడా. బొంబాయిలో ఫిల్మూ రేకూ లేకుండా కంప్యూటరే నేరుగా ప్లేటు తీసేస్తోందని, ఇక బల్లతో పని లేదని బ్రహ్మచారి గారు వచ్చినవాళ్లందరికీ చెబుతుండేవారు. ఆ మాట వినపడినప్పుడల్లా తమ్ముడు తల ఇంకా కిందికి వంచి స్కేలు సరిచేసుకునేవాడు.

ఏప్రిల్‌లో చిప్స్ ప్యాకెట్ల కంపెనీ ఒకటి కొత్త రకం ఆర్డరు తెచ్చింది. సెలవుల్లో పిల్లల కోసం ప్యాకెట్టుకి ఒక కార్డు వేస్తారట. కార్డు ముందు వైపు లోకంలో లేని జంతువు బొమ్మ, కింద దాని పేరు. వెనక వైపు దాని శక్తి, దాని బలం, అది దేనికి భయపడుతుందో ఆ సంగతి. వెనక పేరు ఉండదు. మొత్తం ఇరవై ఐదు జంతువులు. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా కూర్చుని చెరొక కార్డు వేసి, వెనక్కి తిప్పి చదువుకుని, ఎవరి జంతువు గెలిచిందో తేల్చుకోవాలి. గెలిచినవాడు ఎదుటివాడి కార్డు పట్టుకుపోతాడు.

బొమ్మలు ఎంత బాగున్నాయంటే, మేము నలుగురు ఆడవాళ్లం ప్యాకింగ్ చాప మీద కూర్చుని పని మానేసి చూశాం. రెక్కల నిండా మంటలతో అగ్గిపిట్ట. కొండరాళ్లే ఒళ్లుగా రాతిదున్న. గాజు కాళ్లతో గుర్రం. నీలం రంగు కప్ప, కళ్లు మాత్రం ఎర్రగా. తెల్లటి మబ్బుల మధ్య చుట్టుకున్న పాము. షీటుకి ఐదు వరసలు, వరసకి ఐదు బొమ్మలు. ముందు వైపు అచ్చంతా అయిపోయి, షీట్లు ఆరడానికి గోడ వారన నా ఎత్తున నిలబడ్డాయి. వారం రోజులు వాటి మధ్యే తిరిగాను కనక ఏ వరసలో ఎవరి పక్కన ఎవరో నాకు కంఠతా వచ్చేసింది.

నా చదువు గురించి కూడా చెప్పాలి. రెండేళ్లుగా ఆదివారం మధ్యాహ్నాలు చర్చి హాల్లో దేవకృప టీచర్ దగ్గర అక్షరాలు నేర్చుకుంటున్నాను. ఆవిడకి గొణుగుడు గిట్టదు. గొంతు విప్పి చదువమ్మా, నీకొక్కదానికే వినపడితే అది సగం చదువే అనేది. ప్రెస్సులో ఎవరికీ చెప్పలేదు. హాజరు పుస్తకంలో వేలిముద్రే వేసేదాన్ని. గుమాస్తా అలవాటుగా ఇంకు డబ్బా ముందుకు తోసేవాడు, నేనూ అలవాటుగా వేలు పెట్టేదాన్ని.

మే నెల మొదటి శనివారం పొద్దున వెనక వైపు అచ్చు మొదలైంది. బ్రహ్మచారి గారు మొదటి షీటు తెప్పించుకుని, సరిగ్గా మధ్యనున్న కార్డు కోసి, ముందూ వెనకా చూసి కానివ్వమన్నారు. ఆయన ఎప్పుడూ మధ్యదే చూస్తారు. సిరా ఎక్కడ తక్కువైనా మధ్యలో తెలిసిపోతుందట. ఒక కట్ట మటుకు అచ్చు వేసి, కోసి, మా చాప మీదికి పంపారు. మిగతాదంతా సోమవారం మెషీను ఎక్కుతుంది. బుధవారం కంపెనీ బండి వస్తుంది.

మధ్యాహ్నం డబ్బాలో అన్నం తిన్నాక ఒక అగ్గిపిట్టని చేతిలోకి తీసుకున్నాను. ఎంత శక్తి ఉందో చూద్దామని వెనక్కి తిప్పి, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడుకున్నాను. నీటి అడుగున మూడు రోజులు ఊపిరి బిగబట్టును. బలం నలభై. భయపడేది: నిప్పు.

నా చదువే తప్పనుకున్నాను. మళ్లీ చదివాను. మూడోసారి పక్కనున్న శ్యామలమ్మకి వినపడేలా చదివాను. శ్యామలమ్మ బోయిన్‌పల్లి మనిషి, మా చాప మీద నవ్వులన్నీ ఆమెవే. ఆమెకి అక్షరాలు రావు. నాకు వచ్చని ఆ నిమిషం దాకా ఆమెకి తెలియదు. అయినా ఆశ్చర్యపోయింది నా చదువుకి కాదు.

"నిప్పుల బుట్టి నిప్పుకే భయపడుతదా? అచ్చం మా ఇంటాయన లెక్కనే ఉన్నది. ఇంట్ల పులి, వాళ్లమ్మ ముందల పిల్లి."

రాతిదున్నని తిప్పాను. ఆకు మీద నిలబడినా ఆకు వంగదు అని ఉంది. కొండంత దున్న. నీలికప్పని తిప్పితే రెక్క విదిలిస్తే అడవి అంటుకుంటుంది అని ఉంది. అప్పుడు ధైర్యం వచ్చింది, నా చదువు సరిగానే ఉందని. ఆ వెంటనే భయం కూడా వేసింది. మబ్బుపాముది మాత్రం సరిగ్గా ఉంది. ముల్లుతాబేలుదీ సరిగ్గా ఉంది. కొన్ని ఒప్పు, కొన్ని తప్పు. ఎవరి వల్ల తప్పో తెలియలేదు. ఫిల్ము తీసినవాళ్లదేమో అనుకున్నాను. ఆ అగ్గిపిట్టని కొంగున ముడేసుకుని ఇంటికి వచ్చేశాను.

ఆదివారం పొద్దున అట్లు వేస్తున్నాను. పెనం ఎడమ పక్క మంట ఎక్కువై అట్టు ఆ వైపు మాడింది. అట్లకాడతో తిరగేశాను. మాడిన చోటు కుడి పక్కకి వచ్చింది. మధ్యది మధ్యలోనే ఉంది.

అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మొదటి వరసలో ఎడమ చివర అగ్గిపిట్ట, కుడి చివర నీలికప్ప. షీటు తిరగేస్తే ఎడమది కుడికి పోతుంది. అంటే వెనక వైపు రేకు మీద ముక్కల్ని కుడి నుంచి ఎడమకి అతికించాలి. తమ్ముడు ముందు వైపు లాగే ఎడమ నుంచి కుడికి అతికించాడు. మధ్య నిలువు వరస ఒక్కటే ఎటు తిప్పినా మధ్యలోనే ఉంటుంది, అందుకే అవి ఒప్పు. బ్రహ్మచారి గారు కోసి చూసింది మధ్యదే. పదహారేళ్లుగా అన్నీ ఒకే రకం కాగితాలు అతికించిన చేయి, కొత్త పనికి పాత దారిలోనే పోయింది.

తప్పు ఎవరిదో తెలియనప్పుడే నయం అనిపించింది.

చెప్పకపోతే సోమవారం షీట్లన్నీ పాడవుతాయి. కంపెనీ మళ్లీ ఆ ప్రెస్సు గుమ్మం ఎక్కదు. చెబితే, బల్లతో పని లేదనే మాట రోజూ వినపడుతున్న ఆ చోట, తమ్ముడి తప్పు నా నోటి మీదుగా బయటపడుతుంది. నేను పడుకునే వసారా అతనిది. తినే అట్టు అతనిది.

ముందు అతనికే చెప్పాలనుకున్నాను. కంచంలో రెండో అట్టు వేసి, కొంగు ముడి విప్పి, కార్డు పక్కన పెట్టాను. షీటు తిరగేయడం గురించి అట్టుతోనే చూపించాను. తమ్ముడు కార్డు ముట్టుకోలేదు.

"పదారేళ్ల బట్టి ఆ బల్ల కాడే కూకున్నాను అప్పా," అన్నాడు. "నాకు తెలీదేటి? చారి గారు సూసేరు, బావుందన్నారు. ఇంక ఒగ్గియ్."

నేను ఒగ్గలేదు. వెనక వైపు ఒక్కసారి చదవమన్నాను. అతను చేయి కడుక్కుని లేచి వెళ్లిపోయాడు. అప్పటిదాకా పొయ్యి దగ్గర నిలబడి విన్న తిరుమల నా వైపు తిరిగింది.

"రెండేళ్లు సర్చి హాల్లో కూకుని అక్షరాలు దిద్దింది దీనికేనా వొదినా? రేపు ఆయన్ని పన్లోంచి తీసేస్తే ఈ అట్లు ఎవులింట్లో ఏస్తావు?"

మధ్యాహ్నం చదువుకి వెళ్లాను కాని టీచర్‌ని ఏమీ అడగలేదు. ఆవిడ పాఠం చదవమంటే గొంతు పైకి రాలేదు. గొణుగుతున్నావు లోవలక్ష్మీ అని మాత్రం అంది.

సోమవారం తమ్ముడు నా కోసం ఆగకుండా ముందు బస్సుకే వెళ్లిపోయాడు. నేను వెళ్లేసరికి మెషీను మనిషి ప్రభుదాసు రోలర్లు తుడిచి, షీట్లు సర్దుతున్నాడు. ఇంకో పది నిమిషాల్లో మెషీను తిరుగుతుంది. తమ్ముడు తన బల్ల దగ్గర వంగి ఏదో కొలుస్తున్నాడు. నా వైపు చూడలేదు. నేను చెప్పులు విడిచి ప్యాకింగ్ చాప మీదికి పోవాల్సింది. పోలేదు. బ్రహ్మచారి గారు ఇంకా కుర్చీలో కూర్చోకముందే ఆయన ఎదురుగా వెళ్లి నిలబడి, కార్డొకటి చదివి వినిపిస్తానన్నాను.

"నువ్వు చదువుతవా?" అన్నారాయన. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు.

చదివాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. నీటి అనే మాటలో నీ అక్షరం దగ్గర ఆగాను, మళ్లీ టి దగ్గర ఆగాను. ప్యాకింగ్ చాప మీద కట్టలు కట్టే చప్పుడు ఆగిపోయింది. ఊపిరి బిగబట్టును అన్నది ఒక్క ఊపిరిలో అనలేక రెండు ముక్కలు చేశాను. భయపడేది నిప్పు అని ముగించి, కార్డు తిప్పి బొమ్మ చూపించాను.

బ్రహ్మచారి గారు బొమ్మ చూశారు, నన్ను చూశారు.

"ఏందమ్మా గీ పంచాయితి పొద్దుపొద్దుగాల? గవి లేని జానవర్లు. దేనికేం తాకత్ ఉన్నదో చూసొచ్చినోడు ఎవడన్నా ఉన్నడా?"

"పిల్లలు ఊరుకోరు సార్," అన్నాను. "ఇద్దరు కూర్చుని ఆడుకుంటారు. మంటల పిట్ట మంటకి భయపడితే ఆట ఎలా సాగుతుంది? రాతి దున్న ఆకు మీద నిలబడుతుందంటే కార్డు మన మొహాన కొడతారు."

"నేను చూసిన గదా. నా చేతుల్తోని కోసి చూసిన. మబ్బుపాముకు మబ్బే ఉన్నది."

మధ్య నిలువు వరస సరిగ్గానే ఉంటుంది సార్ అన్నాను. తక్కినవి చూడమన్నాను. ఎందుకో చెప్పడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. ఎందుకో చెబితే తమ్ముడి పేరు వస్తుంది. అంతదాకా వచ్చి అక్కడ ఆగిపోయాను. ఆయన విసుక్కుని, ప్యాకింగ్ పని ప్యాకింగోళ్లు చేస్తే చాలని, ప్రభుదాసుని మెషీను ఆన్ చేయమన్నారు.

అప్పుడు తమ్ముడు బల్ల దగ్గర నుంచి లేచి వచ్చాడు. నా పక్కనే నడిచి వెళ్లి, శనివారం అచ్చులో కోయకుండా మిగిలిన షీటు ఒకటి తీసుకున్నాడు. రెండు అంచులూ పట్టుకుని ముందు వైపు చూశాడు. అట్టు తిరగేసినట్టు తిరగేశాడు. వెనక వైపు ఎడమ చివర చదివాడు, కుడి చివర చదివాడు. మళ్లీ తిరగేశాడు. అతని పెదవులు కదలడం చూశాను. రాతిదున్న దగ్గర ఆగాయి.

షీటు మడత పడకుండా మెల్లగా కింద పెట్టాడు.

"ప్లేటు దింపించండి చారి గారూ," అన్నాడు. "అప్ప సెప్పింది నిజమే. రేకు నాను తప్పు అతికించేను."

పదహారేళ్లలో ఆ నోటి నుంచి ఆ మాట బయటికి రావడం అక్కడ ఎవరూ విని ఉండరు. ఇంట్లో నేనూ వినలేదు. ప్రభుదాసు స్విచ్చు మీద పెట్టిన చేయి తీసేశాడు. బ్రహ్మచారి గారు షీటు తీసుకుని తనూ తిప్పి చూసుకున్నారు. అరుస్తారనుకున్నాను. మధ్య కార్డు మీద వేలు పెట్టి, నేను సుత చూసి సరే అన్న గదా అన్నారు. అంతే. తరవాత గోడ వారనున్న షీట్ల వైపు చూసి, ఇవన్నీ బతికినయి అన్నారు.

కొత్త రేకు పరిచారు. పాత రేకు మీది ఫిల్ము ముక్కలు ఇరవై ఐదూ ఊడదీస్తే కుప్పగా పడ్డాయి. వాటి మీద పేర్లు లేవు. ఏది ఎవరి శక్తో చదివితేనే తెలుస్తుంది. తమ్ముడికి చదవడం వచ్చు, కాని అతని రెండు కళ్లూ గీతల మీదే ఉండాలి. వెంట్రుకవాసి జరిగినా కోత తప్పుతుంది. నేను చాప వైపు పోబోతుంటే, తల ఎత్తకుండానే పిలిచాడు.

"అప్పా, ఇలా రా. నువ్వు సదువు, నాను అతికిస్తాను."

ఆ గాజుబల్ల దగ్గరికి ప్యాకింగు ఆడవాళ్లు ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. వెళ్లాను. కింది నుంచి వెలుగు. దాని మీద పెట్టేసరికి ఫిల్ము మీది అక్షరాలు నల్లగా, స్పష్టంగా లేచి నిలబడ్డాయి. నా బతుకులో అంత బాగా కనిపించిన అక్షరాలు లేవు. మొదటి ముక్క తీసుకుని గొంతు విప్పి చదివాను. రెక్క విదిలిస్తే అడవి అంటుకుంటుంది. బలం తొంభై. భయపడేది: నీరు.

"అగ్గిపిట్ట," అన్నాడు తమ్ముడు.

"అగ్గిపిట్ట," అన్నాను. "మొదటి వరస. కుడి చివర."

తమ్ముడు కొలిచి, కుడి చివర అతికించాడు.

కొన్ని ముక్కల దగ్గర నేను తడబడ్డాను. ఒక్కొక్క మాటకి మూడేసి ఒత్తులున్నాయి. తమ్ముడు టేపు ముక్క వేలి చివర పట్టుకుని అలాగే ఆగాడు. ఒకసారి నేను సిగ్గుపడి, నువ్వే చదివెయ్యరా అన్నాను. "నిదానంగా సదువు. తొందరేటి లేదు," అన్నాడు. బండి బుధవారం వస్తుందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. చాప మీది నుంచి శ్యామలమ్మ అరిచింది, ఎవనికన్నా నా ఇంటాయన తాకత్ దొరికిందా అని. దొరకలేదు, వాళ్లమ్మ దగ్గరే ఉందేమో అన్నాను. తమ్ముడు నవ్వాడు. బల్ల దగ్గర కూర్చుని తమ్ముడు నవ్వడం అక్కడివాళ్లు చూడలేదట.

ఇరవై ఐదోది అతికించేసరికి మధ్యాహ్నం మూడైంది. నాలుగున్నరకి కొత్త ప్లేటు మెషీను ఎక్కింది. మొదటి షీటు తడితడిగా బయటికి వచ్చింది. బ్రహ్మచారి గారు అలవాటు కొద్దీ కత్తి మధ్యలో పెట్టబోయి ఆగి, షీటుని తెచ్చి నా ముందు పరిచారు. ఐదు వరసలు, వరసకి ఐదు. ఒక్కటి కూడా వదలకుండా వేలు పెట్టి ముందు చూశాను, తిరగేసి వెనక చదివాను. ప్రభుదాసు పోయి చాయ్ తాగి వచ్చాడు. ఇంకా చదువుతూనే ఉన్నాను. ఎవరూ తొందర పెట్టలేదు.

అన్నీ ఎవరివి వాళ్లకే ఉన్నాయి.

మొదటి షీటు మీద సంతకం చేస్తేనే తక్కినవి అచ్చవుతాయి. ఎప్పుడూ బ్రహ్మచారి గారే చేస్తారు. ఆయన జేబులోంచి పెన్ను తీసి తమ్ముడి వైపు చూశారు.

"వరహాలూ, దీని మీద సైన్ నాది గాదు, నీది గాదు. అమ్మది."

గుమాస్తా ఇంకు డబ్బా కోసం బల్ల సొరుగు లాగాడు. తమ్ముడు ఆ సొరుగు మూసేసి, పెన్ను తీసుకుని, మూత విప్పి నా చేతిలో పెట్టాడు. షీటు అంచున, కోతలో పోయే చోట, రాశాను. చూశాను అని ఒక మాట. దాని కింద నా పేరు. క్షకి ఒత్తు సరిగ్గా వచ్చిందా అని మళ్లీ చూసుకున్నాను. వచ్చింది. మెషీను తిరిగింది.

శనివారం నాటి తప్పు కార్డుల్ని చాప మీద కూర్చుని చింపేశాం. శ్యామలమ్మ ఒక అగ్గిపిట్టని రవికలో దోపుకుని, ఇంటాయనకి చూపిస్తానంది.

బుధవారం బండి వచ్చింది. మే పదిహేనుకల్లా మా సీతాఫల్‌మండి సందులో ప్రతి పిల్ల చేతిలోనూ కార్డులే. అరుగుల మీద, మెట్ల మీద, ఆగి ఉన్న ఆటోల్లో వాటి యుద్ధాలే. ఇంగ్లీషు బళ్లలో చదివే పిల్లలు చాలామంది తెలుగు గడగడా చదవలేరు. నా కన్నా నిదానం. వెనక వైపు ఏముందో తేలక జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లు. ఒక రోజు పక్కింటి పిల్ల కల్పలత ఏడుస్తూ వచ్చి, గాజుగుర్రం గెలుస్తుందా ముల్లుతాబేలు గెలుస్తుందా చెప్పమంది. కార్డు చూడకుండానే చెప్పాను. గుర్రం తేలిక, తాబేలు ముల్లు తగిలితే గాజు పగులుతుంది, కాని గుర్రం ముందుగా ఎగిరితే తాబేలు ఏం చేయలేదు, ఎవరు ముందు వేశారో వాళ్లదే గెలుపు. పిల్ల కార్డు తిప్పి చదువుకుని, నోరు తెరిచి నన్ను చూసింది.

మర్నాటి నుంచి నా సెలవు రోజుల్లో కోర్టు మొదలైంది. పెద్దమ్మా, ఇది తేల్చు. పెద్దమ్మా, వీడు తొండి. ఓడినవాళ్లు కూడా నా మాట మీద కార్డు ఇచ్చేసేవాళ్లు. ఎందుకంటే అక్షరాల కింద నా వేలు కదులుతుంటే వాళ్లూ నాతో చదివేవాళ్లు. మోసం లేదని వాళ్ల కళ్లకే తెలిసేది.

పిల్లలందరూ ఇంట్లోంచి నడిచి వెనక వసారాకి వస్తుంటే తిరుమలకి వంటింట్లో కాలు పెట్టే చోటు లేకపోయింది. వారం ఓపిక పట్టింది. పదకొండో నాడో పన్నెండో నాడో నేను పని నుంచి వచ్చేసరికి వసారాలో నా మంచం లేదు. ఆదివారం అట్టు ముందు ఆమె అన్న మాట గుర్తొచ్చింది. లోపలికి వచ్చి చూస్తే, ముందు గదిలో వీధి కిటికీ కింద మంచం వేసి ఉంది. తమ్ముడు స్టూలు మీద నిలబడి, దాని పైనే ట్యూబులైటు బిగిస్తున్నాడు.

"పిల్లలకి దూరమైపోతోంది," అన్నాడు, నా వైపు చూడకుండా. "సదువుకీ వెలుతురుండాలి గదా."

తిరుమల కదలకుండా స్టూలు పట్టుకుని నిలబడింది. తరవాతి ఆదివారం నేను పలకా పుస్తకం పట్టుకుని బయల్దేరుతుంటే, మంచి చీర కట్టుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎక్కడికని అడిగాను. గోడ వైపు చూసి చెప్పింది.

"అలగే నవ్వకు వొదినా. నాకూ సదువు రాదు గదేటి. నీ ఎనకే ఒస్తాను."

నేను నవ్వలేదు. దారంతా ఆమె గబగబా నడిచింది. నేనే వెనకబడ్డాను. చర్చి మలుపు దగ్గర ఆగి, నా కోసం చూసింది.

బ్రహ్మచారి గారి ప్రెస్సులో ఆ తరవాత పద్నాలుగేళ్లు పని చేశాను. బొంబాయిలో ఉందన్న మెషీను కార్ఖానాకీ వచ్చింది, గాజుబల్ల పోయింది. తమ్ముడు నేర్చుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కాని రెండు వైపులా అచ్చయ్యే షీటు ఏదీ నేను చూడకుండా కదలలేదు. ప్రతి దాని అంచునా కోతలో పోయే చోట అదే మాట, అదే పేరు రాశాను. కోసినప్పుడల్లా ఆ ముక్క నేల మీద రాలేది. ఎన్నిసార్లు రాలిందో లెక్క లేదు. రాలనివ్వండి. రాశాను గదా.

ఈ కాగితాలు కూడా ముందూ వెనకా తిప్పి చదివాను. ఎవరి మాట వాళ్లకే ఉంది.

చూశాను.

పిల్లా లోవలక్ష్మి
వయసు అరవై తొమ్మిది
సీతాఫల్‌మండి, సికింద్రాబాద్. తమ్ముడి ఇల్లు, ముందు గది